చరిత్రలో అత్యంత ప్రభావశీలి ఎవరు? నా ఓటు ఫ్రిట్జ్ హాబర్‌కు

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే వక్తృత్వ పోటీకి ఈసారి ‘ప్రపంచాన్ని మార్చిన పదిమంది’ అన్న అంశం ఇచ్చాం. పిల్లలు తెచ్చిన జాబితాలన్నీ ఇంచుమించు ఒకటే: బుద్ధుడు, ఏసు, మహమ్మద్ ప్రవక్త, న్యూటన్, ఐన్‌స్టీన్, గాంధీ. 1978లో అమెరికా రచయిత మైకేల్ హార్ట్ వేసిన నూరుమంది జాబితాలోనూ ప్రవక్త, న్యూటన్, ఏసు మొదటి మూడు స్థానాల్లో ఉన్నారు. వారి గొప్పతనాన్ని నేను కాదనడం లేదు. కానీ నా మొదటి స్థానం ఫ్రిట్జ్ హాబర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తకు.

గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా తయారు చేయవచ్చని ఆయన 1909లో చేసి చూపించాడు. కార్ల్ బాష్ అనే ఇంజనీరు దాన్ని కర్మాగారానికి ఎక్కించాడు. 1913లో జర్మనీలోని ఒపావులో ఉత్పత్తి మొదలైంది. నేటి యూరియాకు మూలం ఆ అమ్మోనియానే. మన డెల్టాలో ఎవరి పొలమైనా చూడండి. నాట్లు వేసిన కొన్నాళ్లకు పైరు పసుపు తిరుగుతుంది. రైతు గట్టు మీద బస్తా విప్పి, గంపలోకి పోసుకుని, మడిలో నడుస్తూ తెల్లటి గుళికలు చల్లుతాడు. వారం తిరిగేసరికి మడంతా ముదురు ఆకుపచ్చగా మారుతుంది. ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి ఈ కృత్రిమ నత్రజని మీదే ఆధారపడి ఉందని శాస్త్రజ్ఞుల అంచనా. ఇంతమంది కంచంలోకి చేరిన మనిషి ఇంకెవరున్నారో చెప్పండి.

గుండ్లకమ్మ (ఒంగోలు):
మాస్టారూ, మీ లెక్కలో ఒక పెద్ద లోపం ఉంది. హాబర్ పుట్టకపోయినా అమ్మోనియా వచ్చేది. వాల్టర్ నెర్నస్ట్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త అదే సమయంలో అదే చర్య మీద పనిచేస్తున్నాడు. శాస్త్రంలో ఇది మామూలే. కలనగణితం (కాల్‌క్యులస్) న్యూటన్‌కూ లైబ్నిజ్‌కూ విడివిడిగా తట్టింది. పరిణామ సిద్ధాంతాన్ని 1858లో డార్విన్, వాలెస్‌ల పేర్లతో ఒకే సభలో చదివారు. ఒకరు కాకపోతే మరొకరు చేసే పనికి మొదటి స్థానం ఇవ్వడం నాకు నచ్చదు.

ఆ మనిషిని చరిత్రలో నుంచి తీసేస్తే ఏం మిగులుతుందన్నదే నా పరీక్ష. అందులో నిలిచేది అశోకుడు. కళింగ యుద్ధం తర్వాత ఆయన బౌద్ధం వైపు తిరగకపోయి ఉంటే, సింహళానికి మహేంద్రుడు వెళ్లకపోయి ఉంటే, ఆ ధర్మం గంగా మైదానంలో ఒక శాఖగానే ఉండిపోయేదేమో. మా గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో మహాస్తూపం ఉంది. చూడనివారు ఒకసారి వెళ్లి రండి. ఇక్కడ బౌద్ధం అంతరించినా శ్రీలంకలో, బర్మాలో, థాయిలాండ్‌లో ఈనాటికీ బతికే ఉంది. బుద్ధుడికంటే అశోకుణ్ణే నేను ముందు పెడతాను.

కావలి తీరం:
తిండి మాట వచ్చింది కాబట్టి ఒక పేరు చేరుస్తున్నాను. మొటొసాకు ఫుజినాగా. రొయ్యను గుడ్డు దశ నుంచి మనిషి చేతుల్లో పెంచవచ్చని 1930లలో జపాన్‌లో చూపించినవాడు. మా తీరంలో హేచరీల వాళ్లు, చెరువుల వాళ్లు, మేత కొట్ల వాళ్లు అందరూ ఆయన వారసులే. ప్రపంచ జాబితాలో చోటు అడగను. మన ప్రాంతానికి వేరే జాబితా వేస్తే మాత్రం మొదటి పదిలో ఉండాలి.

కనిగిరి ఆరోగ్య కార్యకర్త:
మాస్టారూ, కావలి వారూ కనిపెట్టినవాడి గురించే మాట్లాడుతున్నారు. చేరవేసినవాడి సంగతి ఏమిటి?

మా పల్లెల్లో పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు చూస్తూ పెరిగినదాన్ని నేను. నలభై దాటేసరికి నడుం బిగుసుకుపోయి, పక్కన పిలిచిన మనిషిని చూడటానికి మెడ తిరగక ఒళ్లంతా తిప్పే పెద్దవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. బోరు నీళ్లలో ఫ్లోరైడు వల్ల వచ్చిన జబ్బు ఇది. మా కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఇక్కడ ఈ జబ్బును షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లోనే వెల్లడించారు. కారణం తెలిసి ఎన్ని తరాలయింది? తెలిసినంత మాత్రాన ఎవరి వెన్నూ నిటారు కాలేదు. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన నీళ్లు బిందెలోకి వచ్చిన రోజే ఆ పరిశోధన మాకు అందినట్టు.

అందుకే నా మొదటి స్థానం మశూచి టీకాను లోకానికి అందించిన ఆంగ్ల వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్‌ది. గోమశూచితో (ఆవులకు వచ్చే తేలికపాటి మశూచితో) మనిషిని మశూచి నుంచి కాపాడవచ్చని ఆయనకంటే ముందే, 1774లో, బెంజమిన్ జెస్టీ అనే రైతు తన ఇంట్లో చేసి చూసుకున్నాడు. అది ఆ ఇంటితోనే ఆగింది. జెన్నర్ 1796లో పరీక్షించి, అచ్చు వేయించి, అడిగిన ప్రతివారికీ పంపాడు. 1980లో మశూచి భూమి మీద లేదని ప్రకటించగలిగామంటే ఆ పంపిణీ నుంచే.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
అమ్మా, మీరు చెప్పిన జెస్టీ సంగతితో గుండ్లకమ్మ గారి పరీక్షే బలపడింది. అయినా హాబర్‌ను నేను వదలను. ‘ఎవరో ఒకరు చేసేవారు’ అనేవారు ‘ఎప్పుడు’ అన్నది మరిచిపోతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు పదార్థాలకు ముడిసరుకైన చిలీ నైట్రేటును బ్రిటన్ నౌకలు జర్మనీకి రానివ్వలేదు. కృత్రిమ అమ్మోనియా లేకపోతే ఆ దేశం పేలుడు పదార్థాలకు కటకటలాడేది. పదేళ్ల తేడా ఒక యుద్ధాన్నే మార్చేస్తుంది. అదే హాబర్ 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రె దగ్గర క్లోరిన్ వాయువు దాడిని దగ్గరుండి నడిపించాడు. మంచికీ చెడ్డకూ కలిపే నేను ఆయనను మొదట పెట్టాను. ప్రభావశీలుల జాబితా సన్మాన పత్రం కాదు కదా.

గుండ్లకమ్మ (ఒంగోలు):
సరే, కాలం కూడా లెక్కలోకి వస్తుందని ఒప్పుకుంటాను. కానీ ‘ఎవరో ఒకరు’ అన్న వాదన ఎక్కడ చెల్లదో మీ జిల్లా పేరులోనే ఉంది. ప్రత్యేకాంధ్ర కోసం 1951లో స్వామి సీతారాం ముప్పై అయిదు రోజులు నిరాహార దీక్ష చేశారు. వినోబా భావే మాట మీద విరమించారు. రాష్ట్రం రాలేదు. మరుసటి ఏడాది అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు కూర్చున్నారు. కోరిక అదే, పద్ధతీ అదే. ఆయన లేవలేదు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. ఆ తర్వాత ఏడాదిలో రాష్ట్రాల పునర్విభజన సంఘం వచ్చింది. 1956లో దేశపటం భాషల వారీగా తిరిగి గీశారు. కర్ణాటక ప్రజలు, మలయాళీలు ఒక్కో రాష్ట్రం కిందికి రావడానికి దారి మన మనిషి శవం మీదుగా పడింది. నెర్నస్ట్ హాబర్ పని చేయగలిగేవాడు. శ్రీరాములు పని మాత్రం ఇంకొకరు ప్రయత్నించి చూశారు, కాలేదు. పిల్లల జాబితాల్లో ఒక్కరైనా ఆయన పేరు రాశారా మాస్టారూ?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
ఒక్కరూ రాయలేదు. బస్టాండు దగ్గర విగ్రహం ముందు నుంచే అందరూ బడికి వెళ్తారు. పోటీకి ఇంకా వారం ఉంది. సీతారాం దీక్ష, శ్రీరాములు దీక్ష రెండూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో చెప్పమని అంశం మారుస్తున్నాం. ప్రపంచ జాబితాలో మాత్రం హాబరే నాకు మొదటివాడు.

కనిగిరి ఆరోగ్య కార్యకర్త:
పోటీకి మా వైపు పిల్లలను కూడా పంపుతాను. జెన్నర్ గురించి మాట్లాడేది వాళ్లే.