రిగ్లీ ఫీల్డ్‌కి నాన్నను తీసుకెళ్తున్నాను, స్కోర్‌కార్డు రాయడం గురించి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మేము షికాగోలో ఉంటాం. వచ్చే నెల గుంటూరు నుంచి నాన్న వస్తున్నారు, ఆయన్ని రిగ్లీ ఫీల్డ్ మైదానంలో ఇక్కడి బేస్‌బాల్ జట్టు కబ్స్ మ్యాచ్‌కి తీసుకెళ్తున్నాను. రేడియోలో క్రికెట్ కామెంటరీ వింటూ నోట్‌బుక్‌లో బంతి బంతికీ స్కోరు రాసుకున్న మనిషి ఆయన. పెన్సిల్‌తో బేస్‌బాల్ స్కోర్‌కార్డు నింపడం తప్పకుండా నచ్చుతుంది. 1914 నాటి ఆ మైదానం, గోడల నిండా ఐవీ తీగలు, ఇప్పటికీ మనుషులే అంకెలు మార్చే స్కోర్‌బోర్డు... 108 ఏళ్లు ఎదురుచూసి 2016లో టైటిల్ చూసిన అభిమానుల మధ్య కూర్చోవడం నాకైతే పండగే.

స్కోర్‌కార్డులో ఒక్కో ఫీల్డింగ్ స్థానానికి ఒక్కో అంకె: పిచర్ (బంతి విసిరేవాడు) 1, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) 2, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు) 6 అని తెలుసు. 6-4-3 అంటే బంతి ఆ వరుసలో చేతులు మారి ఒకేసారి ఇద్దరు అవుటయ్యే డబుల్ ప్లే. స్ట్రైకవుట్‌కి (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ అవుటవడం) ఇంగ్లిష్ K అక్షరం, మూడో స్ట్రైక్‌కి బ్యాట్ ఊపకుండానే అవుటైతే దాన్నే తిరగేసి రాస్తారు. ఇక్కడిదాకా వచ్చింది. కానీ తొమ్మిది మందీ ఒకే ఇన్నింగ్స్‌లో ఆడేసి మొదటివాడు మళ్లీ వస్తే ఏ గడిలో రాయాలి? మధ్యలో పిచర్ మారితే గుర్తు ఎక్కడ పెట్టాలి?

ఇంకొకటి, స్కోర్‌బోర్డు ఎదురుగా కనపడేలా ఎటువైపు సీట్లు తీసుకోవాలి? బ్లీచర్స్‌లో (మైదానం చివర, ఔట్‌ఫీల్డ్ గోడ వెనకుండే బెంచీలు) కూర్చుంటే అది వెనక పడిపోతుంది కదా. నాన్నకి 70 దాటాయి, ఎక్కాల్సిన మెట్లు తక్కువైతే మేలు.