హంగరీ వాటర్ పోలో ఆటగాడి పేరు తెలుగులో ఎలా రాయాలి?

వాటర్ పోలో మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను, మొదటి పేరు Dezső Gyarmati (ఇందులో Gyarmati ఇంటిపేరు) దగ్గరే ఆగిపోయాను. 1948 లండన్‌లో రజతం, 1952, 1956లో స్వర్ణాలు, 1960లో కాంస్యం, 1964 టోక్యోలో మళ్ళీ స్వర్ణం, ఇలా వరుసగా అయిదు ఒలింపిక్స్‌లో పతకాలు తెచ్చి, 1976లో కోచ్‌గా కూడా హంగరీకి స్వర్ణం అందించిన మనిషి ఆయన. రెండు చేతులతోనూ బంతి విసిరేవాడు. 1956లో మెల్‌బోర్న్‌లో సోవియట్ జట్టు మీద 4-0తో గెలిచిన, 'నీళ్ళలో నెత్తురు' (Blood in the Water) అని పేరుపడ్డ మ్యాచ్‌లోనూ ఉన్నాడు. అంతటి ఆటగాడి పేరు తప్పు రాయడం నాకు ఇష్టం లేదు.

ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మొదట 'డెజ్సో గ్యార్మతి' అని రాశాను. తర్వాత హంగేరియన్ గొంతుతో ఉన్న రికార్డింగ్ ఒకటి సగం వేగంలో పెట్టి, ఇయర్‌ఫోన్స్‌తో ఇరవై సార్లైనా విన్నాను. ఇంటిపేరులో మొదటి అక్షరం 'గ్య' కాదని మాత్రం ఖాయం, ఒకసారి 'ద్య' అనిపిస్తుంది, ఇంకోసారి 'జ్య'. దాని తర్వాతి అచ్చు కూడా మన 'అ'లా లేదు, కాస్త 'ఒ' వైపు జరిగినట్టుంది. లిప్యంతరీకరణ టూల్స్ రెండు వాడితే రెండూ 'గ్య' అనే ఇచ్చాయి. హంగరీలో ఇంటిపేరు ముందు వస్తుందని తెలుసు, ఆ క్రమంతో ఇబ్బంది లేదు.

హంగరీలో చదువుకుంటున్నవాళ్ళు, ఉద్యోగం చేస్తున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి: ఈ ఇంటిపేరుకి అక్కడివాళ్ళ ఉచ్చారణకి దగ్గరగా ఉండేది ద్యర్మతి, జ్యర్మతి, ద్యొర్మొతి, వీటిలో ఏది?