ఐఓటీ అంటే ఏంది? చంద్రగిరి బోరు మోటారుకు పనికొస్తుందా?

చంద్రగిరి కుర్రోడు:
అందరికీ నమస్తే. నేను తిరుపతిలో అకౌంట్స్ పని చేస్తాను, ఎలక్ట్రానిక్స్ నాకు రాదు. మా నాయన చంద్రగిరి దగ్గర పల్లెలో మామిడి తోట చూసుకుంటాడు. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, టార్చి పట్టుకుని బోరు దగ్గరికి బయలుదేరతాడు. పోయిన నెల స్టార్టర్ డబ్బా పక్కనే కట్లపాము కనపడింది. అప్పట్నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. అంగట్లో 'మొబైల్ స్టార్టర్' అని ఒకటి, 'ఐఓటీ స్టార్టర్' అని ఒకటి చూపించారు. ధరలో చాలా తేడా ఉంది. ఐఓటీ అంటే ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అన్నారు, అసలు అదేంది? వాడినవాళ్లు చెప్పండి.

ఏర్పేడు ఎలక్ట్రానిక్స్:
తమ్ముడూ, మీ నాయన అక్కడికి పోయి ఏం చేస్తాడో గమనించు. మూడు ఫేజులూ ఉన్నాయా అని లైట్లు చూస్తాడు. బటన్ నొక్కుతాడు. గొట్టంలో నీళ్లు పడేదాకా నిలబడతాడు. ఇంటికొచ్చి అమ్మకు చెప్తాడు. చూసే పని సెన్సర్‌కు, నొక్కే పని రిలే అనే స్విచ్‌కు, చెప్పే పని నెట్‌కు అప్పజెప్తే అదే ఐఓటీ. ఆ కబురు నేరుగా నీ ఫోన్‌కు రాదు. ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు, అంటే వాళ్ల కంప్యూటర్‌కు పోయి, అక్కడి నుంచి వస్తుంది. ఈ మెలిక గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

పేరు పెట్టింది కెవిన్ ఆష్టన్, 1999లో. అప్పుడాయన ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో ఉన్నాడు. అంగడి అరల్లో సరుకు ఎంత మిగిలిందో మనిషి లెక్కపెట్టకుండా కంప్యూటరే తెలుసుకోవాలి, అందుకు సరుకుకు రేడియో ట్యాగులు అంటించాలి అనేది ఆయన ఆలోచన. ఆ పేరు పుట్టకముందే, 1980ల మొదట్లో, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు తమ కోక్ యంత్రాన్ని నెట్‌వర్క్‌కు కలిపారు. సీసాలున్నాయా, చల్లబడ్డాయా అని కూర్చున్న చోటి నుంచే చూసుకునేవాళ్లు. బద్ధకం లేకపోతే సైన్స్ ఎక్కడిది!

అలిపిరి మెట్లు:
అట్లయితే కొండకు పోయేటప్పుడు అలిపిరిలో చూసే ఫాస్టాగ్ కూడా ఇదేనా?

ఏర్పేడు ఎలక్ట్రానిక్స్:
ఆ కుటుంబంలోదే. ఆ స్టిక్కర్‌లో బ్యాటరీ కూడా ఉండదు. రీడర్ పంపే రేడియో తరంగాల శక్తితోనే తన నంబరు చెప్తుంది. ఆష్టన్ అనుకున్నదానికి మన స్మార్ట్ బల్బుల కంటే అదే దగ్గర.

పలమనేరు టమాటా:
నేను మూడేళ్లుగా సిమ్ వేసే మొబైల్ స్టార్టర్ వాడుతున్నా. ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది, మెసేజ్ పెడితే ఆఫ్. ఐఓటీనో కాదో నాకు తెలీదు గానీ అనుభవం చెప్తా.

మొదటిది, సిమ్ రీచార్జి. గడువు అయిపోయిన సంగతి మరిచిపోయి రెండు రోజులు మోటారు చెడిపోయిందనుకున్నా. మెకానిక్‌ను కూడా పిలిపించా. సిగ్గుపోయింది.

రెండోది, అసలైనది. మన వైపు బోర్లు ఎంత లోతున్నా గంటసేపు పోసి గాలి లాగుతాయి. నువ్వు తిరుపతిలో కూర్చుని ఆన్ చేస్తావు, అక్కడ నీళ్లు లేకుండా మోటారు తిరుగుతా ఉంటుంది. కాలిపోతే బోర్లోంచి పైకి లాగడం, రీవైండింగ్ (లోపలి తీగ మళ్లీ చుట్టడం), మళ్లీ దించడం. కాబట్టి డ్రై రన్ రక్షణ లేనిది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. నీళ్లు లేనప్పుడు మోటారు మీద లోడు తగ్గి, లాగే ఆంపియర్లు పడిపోతాయి. అది పసిగట్టి స్టార్టరే ఆపేస్తుంది. ఒక ఫేజు పోయినా ఆపాలి, లేకుంటే మిగతా రెండింటి మీదా భారం పడి వైండింగ్ మాడుతుంది.

ఇంకోటి. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా పెడితే కొంచెం ఆలస్యం పెట్టు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరి మోటార్లూ ఒకేసారి లేస్తే ఏమవుతుందో తెలుసు కదా. మేము తలా ఒక టైము పెట్టుకున్నాం.

ఏర్పేడు ఎలక్ట్రానిక్స్:
కచ్చితంగా చెప్పాలంటే ఫోన్ కాల్‌తో, మెసేజ్‌తో నడిచేది ఇంటర్నెట్ వాడదు. ఐఓటీ కాదు.

పలమనేరు టమాటా:
పేరును బట్టి నీళ్లు రావు గదా సామీ.

బైరాగిపట్టెడ మేడమీద:
నేను ఇంట్లో వాడేదాన్ని. తెల్లారి నీళ్లు కాగుతాయని గీజర్‌కు స్మార్ట్ ప్లగ్, అంటే ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే ప్లగ్ పెట్టాను. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. నేను కొన్నది 6 ఆంపియర్లది, వారంలో ప్లాస్టిక్ వాసన. 16 ఆంపియర్లది కొనండి. ఇంకా, ఇలాంటి ప్లగ్గులు ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే పెట్టుకుని సాయంత్రమంతా ప్లగ్గును తిట్టాను.

మా చెల్లెలింట్లో బల్బుల కంపెనీ తన సర్వర్ ఆపేసింది. ఇప్పుడవి మామూలు బల్బులు, ధర మాత్రం స్మార్ట్‌ది.

ఏర్పేడు ఎలక్ట్రానిక్స్:
నేను చెప్పిన మెలిక అదే అక్కా. కెమెరా ఉంటే దాంతో వచ్చిన పాస్‌వర్డ్ కూడా వెంటనే మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ అట్లాంటి పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. వాటన్నిటినీ ఒక్కసారిగా ఉసిగొల్పితే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కొన్ని గంటలు తెరుచుకోలేదు.

చంద్రగిరి కుర్రోడు:
అందరికీ థాంక్స్. మా చేని దగ్గర డేటా సిగ్నల్ ఒక్క గీతే వస్తుంది, మాటలైతే వినపడతాయి. అందుకే మొబైల్ స్టార్టరే తీసుకున్నా, డ్రై రన్ ఉన్నది. నాయన నంబరు, నాది, అమ్మది పెట్టాం. నిన్న మోటారు ఆగిందని మెసేజ్ వస్తే నీళ్లు అయిపోయాయనుకున్నా. పోయి చూస్తే డబ్బాలో బల్లి దూరి కాంటాక్టుల మధ్య చచ్చి ఉంది. దీనికేం చేస్తారు?

పలమనేరు టమాటా:
మెయిన్ ఆపి, కేబుల్ దూరే కన్నాలు ఎం-సీల్‌తో మూసెయ్యి. చీమలకూ అదే. తలుపు రబ్బరు ఊడిందేమో కూడా చూడు.