‘మనీ’ పాటలు సినిమా లేకుండా నిలబడతాయా?

కడియం కుర్రోడు:
1993లో వచ్చిన ‘మనీ’ సినిమా పాటల గురించి పాత సినిమాలు బాగా తెలిసినవాళ్ళని ఒకటి అడగాలి. నాకు సినిమా కంటే ముందు పాటే తెలుసు, అదీ 2020లో సాయి ధరమ్ తేజ్ ‘సోలో బ్రతుకే సో బెటర్’ వచ్చినప్పుడు ఈ టైటిల్ ఎక్కడిదబ్బా అని వెతికితే ‘భద్రం బీకేర్‌ఫుల్ బ్రదరూ’ దొరికింది. అక్కణ్ణుంచి మిగతా పాటలూ విన్నాను. మాటలు అదుర్స్, కాదనను. ట్యూన్లు మాత్రం ఎవరో టేబుల్ మీద దరువేస్తూ కబుర్లు చెప్తున్నట్టు ఉంటాయి. ఇవి నిజంగా సినిమా పక్కనపెట్టి రెండోసారి వినే పాటలేనా, లేక చిన్నప్పుడు చూశారు కాబట్టి మీ అందరికీ అలా అనిపిస్తుందా? అసలు కామెడీ సినిమాలో పాట కూడా నవ్వించాలా, లేక ఆ పని సీన్లకి వదిలేసి మామూలు మంచి పాటలా ఉంటే సరిపోతుందా?

పనిలో పని ఇంకోటి. వచ్చే నెల మా పెద్దమ్మ వాళ్ళ అబ్బాయి పెళ్ళి, సంగీత్‌లో భద్రం పాటకి కజిన్స్ అందరం డాన్స్ వేద్దామనుకుంటున్నాం. ఆడపెళ్ళివారు ఫీలవుతారంటారా?

పాత క్యాసెట్టు:
ట్యూన్ లేదంటే నేను ఒప్పుకోను తమ్ముడూ, ట్యూన్ కావాలనే తగ్గి నడుస్తుంది. సంగీతం ఇచ్చిన శ్రీ అంటే సంగీత దర్శకుడు చక్రవర్తి గారి అబ్బాయి, పాటలన్నీ రాసింది సిరివెన్నెల. ఆ సాహిత్యం ఎంత వేగంగా దూకుతుందో చూడు, అందులో గమకాలు పెట్టి సాగదీస్తే మాట వినపడదు, మాట వినపడకపోతే జోకే పోయింది. ‘భద్రం బీకేర్‌ఫుల్ బ్రదరూ, భర్తగ మారకు బ్యాచిలరూ’ అన్నదాంట్లో దెబ్బ పడే ప్రతిచోటా బ గానీ భ గానీ ఉంది. ఇంగ్లీషు మాటల్ని పద్యంలో యతి కుదిర్చినట్టు కుదిర్చాడాయన. అలాంటి చోట ట్యూన్ చెయ్యాల్సింది దారి ఇవ్వడమే.

ఇంకో సంగతి. ఈ పాటలు పైకి నవ్వుతూ ఉండవు, అసలు విషయం అక్కడే ఉంది. ‘చక్రవర్తికీ వీధి బిచ్చగత్తెకీ’ మొదలయ్యే తీరు చూడు. రాజుకీ పేదకీ ఒకేలా చుట్టం ఎవరయ్యా అని అడిగితే మన తత్వాల్లో వచ్చే జవాబు చావో, లేకపోతే దేవుడో. ఇక్కడ ఆ పీట మీద డబ్బుని కూర్చోబెట్టి, అదే గంభీరమైన మొహంతో పాడించారు. భద్రం పాటా అంతే, సన్యాసి చెప్పాల్సిన వైరాగ్యాన్ని కుర్రకారు నోట్లో పెట్టారు. ‘వారెవా ఏమి ఫేసు’ ఒక్కటే కొంచెం సినిమా మీద ఆధారపడ్డ పాట, సినిమా పిచ్చి ఉన్న ఖాన్ దాదాని, అంటే మన బ్రహ్మానందాన్ని, మునగచెట్టు ఎక్కిస్తుంటే నవ్వొస్తుంది గానీ ఆ మొహం కనపడకుండా వింటే సగమే.

గోదారి గట్టు:
పైన అన్నది బాగానే ఉంది గానీ నా ఓటు అటు కాదు. కామెడీ సినిమాకి పాట ఎలా ఉండాలో చూడాలంటే ‘లేడీస్ టైలర్’ (1986) చూడండి. కథేంటి? తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయిని వెతుక్కునే బద్ధకస్తుడైన టైలరు. దానికి చవకబారు పాటలు కట్టడం ఎంతసేపు పని! డైరెక్టర్ వంశీ, సంగీతం ఇచ్చిన ఇళయరాజా ఆ దారికే పోలేదు. ‘గోపీలోలా నీ పాల పడ్డామురా’ వినండి, గోపికల మొర ఎంత శ్రద్ధగా కట్టారో, ఆ కృష్ణుడు ఎవరో తెలిసినవాడికే నవ్వొస్తుంది, తెలియనివాడికి అది చక్కటి పాట. రాసింది ఇదే సిరివెన్నెల, మనీకి ఏడేళ్ళ ముందు.

జంధ్యాల గారి ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984) ఇంకా చిత్రం. అమ్మాయి తెలియనివాళ్ళకి సరదాగా ఉత్తరం రాసి పడేస్తుంది, ఆ ఉత్తరమే ‘తొలిసారి మిమ్మల్ని చూసింది మొదలు’. వేటూరి మాట, రమేష్ నాయుడు గారి బాణీ, జానకి గారి గొంతు, ముగ్గురికి ముగ్గురూ అది ఆటపట్టించే ఉత్తరమని తెలియనట్టే పనిచేశారు. అందుకే ఆ ఉత్తరం అందుకున్న నరేష్ నమ్మేస్తే మనమూ నమ్ముతాం. అందులోదే ‘లిపి లేని కంటి బాస’ ఇవాళ్టికీ రాత్రిపూట వినే పాట. మనీ పాటలు రాత్రి పదకొండుకి ఎవరు వింటారండీ?

పాత క్యాసెట్టు:
నేను వింటాను. పొద్దున బస్సులో కూడా వింటాను.

మైక్ టెస్టింగ్:
మీరిద్దరూ పాట నవ్వాలా వద్దా అనే దగ్గరే ఆగిపోయారు, పాటే సీన్ అయిపోయే రకం ఒకటుంది కదా. ‘పక్కింటి అమ్మాయి’ (1953)లో పాట రాని రేలంగి ఊరికే పెదాలు కదుపుతుంటే వెనక నుంచి ఏ.ఎం. రాజా పాడతాడు, అక్కడ పాట తీసేస్తే కథ లేదు. 1981లో మళ్ళీ తీసినప్పుడు బాలుగారూ, పైన చెప్పిన చక్రవర్తి గారూ తెరమీద వేషాలే వేశారు. అంటే శ్రీ వాళ్ళ నాన్న బాణీలు కట్టడమే కాదు, నవ్వించడం కూడా తెలిసిన మనిషి, ఇతరులకి డబ్బింగూ చెప్పేవారు. ఇంట్లోనే అంత హాస్యం ఉంటే కొడుక్కి మాట విలువ తెలియకుండా ఎలా ఉంటుంది! ‘మాయాబజార్’ (1957)లో ‘అహ నా పెళ్ళియంట’ కూడా ఈ జాతే. సుశీల గారు హాయిగా పాడుతుంటే మధ్యలో మగగొంతు బయటపడుతుంది, శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు కదా మరి. ముప్పై ఏళ్ళకి జంధ్యాల గారు ఆ మాటనే సినిమా పేరు చేసుకున్నారు.

నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను కాబట్టి చెప్తున్నా, స్టేజి మీద లెక్క వేరే. ‘లిపి లేని కంటి బాస’ మొదలెడితే వెనక వరసలో భోజనాలకి లేచేవాళ్ళు కూడా కాసేపు ఆగుతారు, మంచిదే, అయితే ఎవరూ గొంతు కలపరు. ‘భద్రం’ మొదలెడితే మా సింగర్ చరణం మర్చిపోయినా ఫర్వాలేదు, జనమే పాడేస్తారు. రెండు పనులూ చేసే పాట నాకింతవరకూ తగల్లేదు.

సంగీత్ సంగతి: వెయ్యండి, ఏం కాదు. కాకపోతే ముందే పెళ్ళికూతురి చెవిలో వేసి ఆవిడ చేత కూడా ఒక స్టెప్పు వేయించండి. ఆవిడే నవ్వుతుంటే ఇంక మేనత్తలు ఏమంటారు?

కడియం కుర్రోడు:
ఐడియా బాగుంది, వదినకి మెసేజ్ పెట్టేశా. కానీ ట్యూన్ విషయంలో నేనింకా గోదారి గట్టు గారి పక్షమే. శ్రీ గారివి మెలోడీ ఉన్నవి ఏమైనా ఉంటే చెప్పండి, వింటాను.

పాత క్యాసెట్టు:
మనీ వచ్చిన ఏడాదే, అదే శ్రీ, సిరివెన్నెల జంట, ‘గాయం’ సినిమా. ‘అలుపన్నది ఉందా’తో మొదలుపెట్టు, చిత్ర గారు పాడారు, నువ్వడిగిన మెలోడీ అంతా అందులో ఉంది. తర్వాత ‘నిగ్గదీసి అడుగు’ విను, తెరమీద కనపడేది సిరివెన్నెల గారే. అది అయ్యాక వెంటనే ‘చక్రవర్తికీ’ పెట్టు, ఒకే మనిషి ఒకే కోపాన్ని ఒకచోట అరిచి ఇంకోచోట వెటకారం చేశాడని నీకే తెలుస్తుంది.

సంగీత్‌లో మాత్రం ‘నిగ్గదీసి అడుగు’ వెయ్యకు బాబూ.