రాజీనామా చేసిన ఎమ్మెల్యే మూడేళ్లు ఎమ్మెల్యేగానే ఎలా కొనసాగారు?

ప్రశ్న – పీజీ విద్యార్థి, మద్దిలపాలెం

సెమినార్ కోసం ఒక శాసనసభ్యుని రాజకీయ ప్రస్థానంపై పత్రం సమర్పించవలసి ఉండగా నేను గంటా శ్రీనివాసరావు గారిని ఎంచుకున్నాను. ఆయన 1999లో తెలుగుదేశం తరఫున అనకాపల్లి ఎంపీగా, 2004లో చోడవరం ఎమ్మెల్యేగా, 2009లో ప్రజారాజ్యం నుంచి అనకాపల్లి ఎమ్మెల్యేగా గెలిచారు. ఆ పార్టీ కాంగ్రెస్‌లో విలీనమయ్యాక కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గంలో చేరి, 2014లో తిరిగి తెలుగుదేశానికి వచ్చి, భీమిలిలో గెలిచి విద్యాశాఖ నిర్వహించారు. 2019లో విశాఖ ఉత్తరం, 2024లో మళ్లీ భీమిలి. ఇంతవరకు చిక్కు లేదు. అయితే విశాఖ ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు నిరసనగా ఆయన 2021 ఫిబ్రవరిలో రాజీనామా చేస్తే, అది ఆమోదం పొందింది 2024 జనవరిలో. ఈ మధ్యకాలాన్ని పత్రంలో ఏమని రాయాలి? పదవి వదులుకున్నారనా, పదవిలో ఉన్నారనా?

జవాబు 1 – న్యాయవాది, డాబాగార్డెన్స్

చట్టం దృష్టిలో ఆయన పదవిలోనే ఉన్నారు. రాజ్యాంగంలోని 190(3) అధికరణం ప్రకారం సభ్యుడు స్పీకర్‌కు రాజీనామా లేఖ ఇస్తే చాలదు, స్పీకర్ దానిని ఆమోదించాలి. ఈ నిబంధన మొదటి నుంచీ ఉన్నది కాదు. సభ్యులను బెదిరించి, ఒత్తిడి తెచ్చి రాజీనామాలు చేయిస్తున్నారన్న కారణంతో 1974లో 33వ సవరణ ద్వారా చేర్చారు. రాజీనామా స్వచ్ఛందమా, నిజమైనదా అన్న రెండు విషయాలు మాత్రమే స్పీకర్ చూడాలని 2019లో కర్ణాటక ఎమ్మెల్యేల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎన్నాళ్లలో చూడాలో మాత్రం అధికరణంలో లేదు. మీరు అడిగిన మూడేళ్లూ ఇమిడింది ఆ సందులోనే.

ఆమోదించిన సమయాన్ని కూడా పత్రంలో నమోదు చేయండి. జనవరి 23న ఆమోదం తెలిపే నాటికి రాష్ట్రంలోని మూడు రాజ్యసభ స్థానాలకు ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఆ ఎన్నికల్లో ఓటు వేసేది ఎమ్మెల్యేలే. శాసనసభ గడువు ఏడాది కూడా మిగలలేదు కనుక ప్రజాప్రాతినిధ్య చట్టం 151-ఎ సెక్షన్ ప్రకారం ఉప ఎన్నిక జరపవలసిన అవసరం కూడా లేకపోయింది. అంటే సభ్యత్వం పోయింది గాని ఉత్తర నియోజకవర్గ ఓటరుకు తన మాట చెప్పే అవకాశం రాలేదు. నా మట్టుకు ఇందులో అన్యాయం జరిగింది ఆ ఓటరుకే.

జవాబు 2 – విశ్రాంత ఉద్యోగి, ఉక్కునగరం

న్యాయవాది గారు చెప్పింది సబబే, కానీ రాజీనామా ఆమోదం పొందిందా లేదా అన్న దగ్గరే ఆగిపోతే అసలు విషయం చేజారుతుంది. మా ఊళ్లో ప్రజాప్రతినిధి రాజీనామాకు ఒక చరిత్ర ఉంది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమంలో తెన్నేటి విశ్వనాథం గారు ముందు నిలిచారు. అమృతరావు గారు నిరాహార దీక్ష చేశారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కమ్యూనిస్టులతో సహా పలువురు శాసనసభ్యులు పదవులు వదిలారు. మరుసటి ఏడాది తెన్నేటి గారు స్వతంత్ర అభ్యర్థిగా విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచారు. కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది మాత్రం 1971 జనవరిలో. అంత మంది కలిసి కదిలితేనే అన్నేళ్లు పట్టింది.

2021లో గంటా గారి రాజీనామా ఒంటరిది. అదే ఫిబ్రవరిలో తెలుగుదేశం నాయకుడు పల్లా శ్రీనివాసరావు గారు గాజువాకలో ఆమరణ దీక్షకు కూర్చుంటే పోలీసులు ఆసుపత్రికి తరలించారు. అప్పటికి పల్లా గారు ఎమ్మెల్యే కూడా కాదు, 2019లో ఓడిపోయిన మనిషి. 2024లో గాజువాక ఆయనకు 95,235 ఓట్ల ఆధిక్యం ఇచ్చింది. దీక్ష వల్లే ఇంత ఆధిక్యం వచ్చిందని నేను అనను, ఆ ఏడాది గాలి అటే వీచింది. అయినా కూర్మన్నపాలెంలో జాతీయ రహదారి పక్కన వేసిన టెంటు కింద, మెడలో దండలతో, కర్మాగారంలోని రోజుకొక విభాగం వారు రిలే దీక్షలో కూర్చున్న కాలంలో, వచ్చి ఫొటో దిగి వెళ్లిన నాయకులెవరో, మాతో పాటు కూర్చున్నవారెవరో మావాళ్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు.

జవాబు 3 – మధురవాడ నివాసి

ఎన్నికకో నియోజకవర్గం మారడాన్ని తప్పుగానే చూపవలసిన పని లేదు. 2019లో రాష్ట్రమంతటా తెలుగుదేశానికి 23 స్థానాలే దక్కగా, విశాఖ నగరంలోని నాలుగింటినీ ఆ పార్టీయే గెలిచింది. వాటిలో ఉత్తరంలో గంటా గారి ఆధిక్యం 1,944 ఓట్లు మాత్రమే. 2024లో పొత్తు కారణంగా ఉత్తరం బీజేపీకి వెళ్లింది. ఆయనను బొత్స సత్యనారాయణ గారిపై చీపురుపల్లికి పంపాలని పార్టీ ఆలోచించినట్లు పత్రికలు రాశాయి. చివరకు భీమిలిలో 92,401 ఓట్లతో గెలిచారు. ఓడిన ముత్తంశెట్టి శ్రీనివాసరావు గారు కూడా ప్రజారాజ్యం, కాంగ్రెస్, తెలుగుదేశం మీదుగా వైఎస్సార్‌ కాంగ్రెస్‌కు చేరినవారే కాబట్టి, పార్టీ మార్పును ఎన్నికల అంశంగా ఎత్తుకునే వీలు ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది! మీ పత్రానికి పోలిక కావాలంటే విశాఖ తూర్పు నియోజకవర్గాన్ని చూడండి. వెలగపూడి రామకృష్ణబాబు గారు 2009 నుంచి వరుసగా నాలుగుసార్లు అక్కడే గెలిచారు, కానీ గంటా గారికి వచ్చినట్లు మంత్రి పదవి రాలేదు. ఒకే చోట పాతుకున్నవారికి లేని పలుకుబడి చోటు మార్చేవారికి ఎక్కడి నుంచి వస్తోందో తేల్చగలిగితే మీ పత్రానికి బలం వస్తుంది.

ప్రశ్నించిన విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. విశాఖ దక్షిణంలో తెలుగుదేశం ఎమ్మెల్యే వాసుపల్లి గణేష్‌కుమార్ గారు 2020 సెప్టెంబరులో అప్పటి అధికార పక్షం వైఎస్సార్‌ కాంగ్రెస్ వైపు వెళ్తే, స్పీకర్ అనర్హత వేటు వేసింది 2024 ఫిబ్రవరిలో. దీనిని కూడా పక్కన పెట్టి రాయాలనుకుంటున్నాను. ఇటువంటి వాటిని మూడు నెలల్లో తేల్చాలన్న సుప్రీంకోర్టు మాట రాజీనామాలకు వర్తించదా?

జవాబు 1 ఇచ్చిన న్యాయవాది

వర్తించదు. 2020 జనవరిలో మణిపూర్ కేసులో చెప్పిన ఆ గడువు రాజ్యాంగం పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిరోధం) కింద వచ్చే అనర్హత పిటిషన్లకు సంబంధించినది. అక్కడ స్పీకర్ ట్రిబ్యునల్‌గా, అంటే తీర్పు చెప్పే అధికారిగా వ్యవహరిస్తారు. రాజీనామా విషయంలో చేసేది కేవలం విచారించి సంతృప్తి చెందడం. రెండింటినీ ఒకే గాటన కట్టకుండా వేర్వేరు అధ్యాయాలుగా రాయండి. వాసుపల్లి గారి విషయంలో గడువు ఉండి కూడా మూడేళ్లు దాటిందన్న సంగతి మాత్రం వదలవద్దు.