కరెంటు రియాక్టర్ ఉంటే బాంబు చేసుడు అల్కనా?

మాది హన్మకొండ. ఇంటర్ చదివే మా మనుమరాలికి బుధవారం కాలేజీల డిబేట్ ఉన్నది: 'అణువిద్యుత్తు అణుబాంబుకు దారి తీస్తుందా?' నేను రిటైరైన లెక్కల సారును, ఫిజిక్స్ అంతంతే. రెండు కాడ ఆగిపోయిన.

సహజ యురేనియంలో యు-235 (అల్కగ చీలి శక్తినిచ్చే రకం) సుమారు 0.7 శాతమే. చాలా కరెంటు రియాక్టర్లకు 3 నుంచి 5 శాతం, బాంబుకు 90 దాకా కావాలె. కానీ ఈ శాతం పెంచే శ్రమలో సగానికి మించి మొదటి 4 శాతానికే అయిపోతదట! లెక్కల సారునై ఉండి ఇది పిల్లకు చెప్పలేకపోతున్న. వడ్లు చెరిగినట్టు, తాలు ముందే ఎక్కువ పోతది కాబట్టేనా?

రెండోది ప్లుటోనియం, అంటే రియాక్టర్‌లో యురేనియం నుంచి తయారయ్యే, బాంబుకు పనికొచ్చే ఇంకో పదార్థం. 1974 పోఖ్రాన్ పరీక్షకు అది కెనడా ఇచ్చిన సైరస్ నుంచి వచ్చింది. అది పరిశోధన రియాక్టర్, కరెంటుది కాదు. మరి ఈ ఉదాహరణ ఎవరి వాదానికి పనికొస్తది? కరెంటు రియాక్టర్‌లో ఇంధనం ఎక్కువ రోజులు మండి ప్లుటోనియం-240 అనే రకం పెరుగుతదని, అది బాంబుకు ఇబ్బందని చదివిన. కానీ మన మణుగూరులో తయారయ్యే భారజలం వాడే రియాక్టర్లల్ల, నడుస్తుండగనే ఇంధనం మార్చొచ్చు కదా. ఆ రకం పెరగకముందే ఇంధనం తీస్తే తనిఖీ చేసేటోళ్లు ఎట్ల పట్టుకుంటరు?

తెలిసినోళ్లు తెలుగుల, మంగళవారం లోపు చెప్తే మేలు.