వరల బావి పూడిక ఎప్పుడు తీయించాలి, బ్లీచింగ్ ఎంత వేయాలి?

తుమ్మలపెంట_రోడ్డు

కావలి దగ్గర, ఇసుక నేల. ఇంటి బావికి 4 అడుగుల వెడల్పు వరలు 22 ఉన్నాయి, ఒక్కోటి అడుగు ఎత్తు. డిసెంబర్‌లో నీళ్లు గట్టుకు 6 అడుగుల కిందే ఉంటాయి. ఎండాకాలానికి 3 అడుగుల నీళ్లే మిగులుతాయి. పూడిక తీసి నాలుగేళ్లయింది. తాడుకి రాయి కట్టి చూస్తే అడుగున దాదాపు 2 అడుగులు బురద, ఇసుక. పైన 1 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు. ఫుట్ వాల్వ్‌లో (పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే వాల్వ్) ఇసుక ఇరుక్కుని నెలకోసారి ప్రైమింగ్, అంటే పైపులో నింపి ఉంచిన నీళ్లు, దిగిపోతోంది. వాన పడిన మర్నాడు నీళ్లు మట్టి రంగులో వస్తాయి.

రోహిణి కార్తెలో తీయించాలా, వానల ముందు తీయించాలా? నీళ్లన్నీ తోడేసి ఇంకో 3 అడుగులు లోతు చేస్తామని పనోళ్లంటున్నారు, ఒప్పుకోవచ్చా? బ్లీచింగ్ లెక్క కూడా ఎవరైనా చెప్పండి.

వరలపని

లోతు చేయడానికి మాత్రం ఒప్పుకోవద్దన్నా. ఇసుక నేలలో బావిని పూర్తిగా ఎండగడితే బయటి నీటి ఒత్తిడికి అడుగునుంచి ఇసుక ఉడికినట్టు పైకి పొంగుతుంది. అట్టడుగు వర కింది అంచు దాటి తవ్వారంటే చుట్టూ ఉన్న ఇసుక వర కిందనుంచి లోపలికి జారుతుంది. అప్పుడు వర ఒక పక్కకి ఒరుగుతుంది, పై అతుకులు తెరుచుకుంటాయి, చివరికి పైన చప్టా కుంగుతుంది. ఎన్ని తట్టలు తీసినా అడుగు మట్టం దిగకపోతే అదే గుర్తు, అక్కడే పని ఆపేయించండి. నిజంగా లోతు కావాలంటే లోపల 3 అడుగుల వెడల్పు వరలు దించాలి. అది వేరే పని, వేరే ఖర్చు.

పూడిక తీసేటప్పుడు అడుగున ఒక అడుగు నీళ్లు ఉంచే తీయించండి. బురద పోయి శుభ్రమైన ఇసుక తగిలాక మూడు పొరలు వేయాలి. ముందు ముతక ఇసుక, దానిమీద బఠాణీ గింజంత గులకరాయి, పైన 20 నుంచి 40 మిల్లీమీటర్ల కంకర. మూడూ బాగా కడిగి వేయాలి. పొర 4 అంగుళాలు, అంటే మీ బావికి ఒక్కోటి సుమారు 4 ఘనపుటడుగులు, ఖాళీ సిమెంటు బస్తాతో మూడున్నర బస్తాలు. ఈ వరస తిరగేస్తే పనికిరాదు. సన్నది కింద ఉంటేనే ఊటతో వచ్చే ఇసుకను పట్టుకుంటుంది, బరువైనది పైన ఉంటేనే సన్నదాన్ని కదలనివ్వదు.

వాన మర్నాడు మట్టి రంగు వస్తోందంటే అది ఊట నీళ్ల తప్పు కాదు, పైనుంచి దిగుతున్న నీళ్లు. పై 10 వరల అతుకుల కింద గోధుమ రంగు చారలున్నాయేమో టార్చి వేసి చూడండి. ఉంటే ఆ అతుకులు గీకి 1:3 సిమెంటు, ఇసుకతో పూడ్చాలి. కింది అతుకులు పూడ్చొద్దు, పక్క ఊట అక్కడినుంచే వస్తుంది. బావి చుట్టూ మీటరు వెడల్పున చప్టా, వాలు బయటికి, నీళ్లు పోయే కాలవ. చప్టాకూ వరకూ మధ్య పగులుంటే ఎంత బ్లీచింగ్ చల్లినా దండగే.

ఎప్పుడంటారా, మనకు నైరుతి ఇచ్చేది కొంచెమే. బావి నిండేది స్వాతి, విశాఖ కార్తెల వానలకి. కాబట్టి రోహిణే కావాలని పట్టు అక్కర్లేదు, మే నుంచి సెప్టెంబర్ దాకా వీలుంది. నెలకోసారి తాడు కొలత రాసుకుని, నీళ్లు బాగా తక్కువున్న వారం చూసుకోండి. అక్టోబర్ నడిమికి పోనివ్వొద్దు.

మోటారు_షెడ్డు

పూడిక సంగతి అన్న చెప్పేశాడు. ఇసుక రావడానికి సగం కారణం మోటారు. 4 అడుగుల బావిలో అడుగు నీళ్లంటే సుమారు 356 లీటర్లు. పూడిక తీసి, గులకరాళ్లు వేశాక ఎండాకాలంలో మీకు 4 అడుగుల నీళ్లుంటాయి. ఫుట్ వాల్వ్ కంకరకు అడుగు పైన ఉండాలి, దాని నెత్తిన ఇంకో అడుగు నీళ్లు ఎప్పుడూ ఉండాలి, లేకపోతే సుడి తిరిగి గాలి లాగుతుంది. ఇక తోడుకోగలిగింది 2 అడుగులు, 710 లీటర్లు. గంటకు 3000 లీటర్లు తోడే మోటారైతే, ఊట కలవకపోతే, పావుగంటలో ఆ నీళ్లు అయిపోతాయి. మట్టం అంత వేగంగా దిగితే ఊట కూడా అంతే వేగంగా ఉరుకుతూ సన్న ఇసుకను మోసుకొస్తుంది.

ఊట ఎంతో కొలవండి. 2 అడుగులు తోడి మోటారు ఆపి, అడుగు నీళ్లు ఊరడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. 20 నిమిషాలైతే గంటకు సుమారు 1070 లీటర్లు. దాన్నిబట్టి మోటారును విడతలుగా వేసుకోవాలి, లేదా డెలివరీ పైపు గేట్ వాల్వ్ కొంత మూసి నడపాలి. సక్షన్ వైపు, అంటే నీళ్లు లాగే వైపు, వాల్వ్ పెట్టి మూయకూడదు, మోటారు లోపల తిరిగే చక్రం (ఇంపెల్లర్) అరిగిపోతుంది.

ఇంకోటి. పై మోటారు 22 అడుగులకు మించి లాగడం కష్టం. మీకు ఎండల్లో నీళ్లు 17 అడుగుల్లో ఉన్నాయి, తోడే కొద్దీ 19కి దిగుతాయి. సక్షన్ పైపు అతుకుల్లో ఎక్కడ కాస్త గాలి చొరబడ్డా ప్రైమింగ్ నిలవదు. అన్నిసార్లూ ఫుట్ వాల్వ్ మీదే నెపం వేయొద్దు. వాల్వ్ విప్పినప్పుడు లోపలి వాషర్ అంచు చూడండి, ఇసుక గీతలుంటే వాషర్ మార్చితే చాలు.

సబ్‌సెంటర్_పక్కిల్లు

బ్లీచింగ్ లెక్క: వెడల్పు అడుగుల్లో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, మళ్లీ 22.2తో గుణిస్తే లీటర్లు. మీకు 10 అడుగుల నీళ్లుంటే 4×4×10×22.2, సుమారు 3550 లీటర్లు.

మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, అంటే 9 గ్రాములు. పూడిక తీశాకో, వరద నీళ్లు బావిలో పడ్డాకో అయితే ఆ లెక్క సరిపోదు. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. 30 శాతం బలం ఉన్న పొడైతే 3550 లీటర్లకు దాదాపు 600 గ్రాములు, 3 అడుగుల నీళ్లకు 180 గ్రాములు. విప్పిన ప్యాకెట్ నెలల తరబడి ఉంటే బలం పోతుంది, వాసన ఘాటుగా లేకపోతే కొత్తది కొనండి.

పొడి నేరుగా బావిలో చల్లొద్దు. బకెట్‌లో ముద్దగా కలిపి, ముప్పావు బకెట్ నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు ఆగి పైన తేటను వేరే బకెట్‌లోకి వంచండి. అడుగున మిగిలిన సున్నం బావిలో పడితే నీళ్ల కాఠిన్యం పెరుగుతుంది. తేట బకెట్‌ను తాడుతో నీటి అడుగుకి దించి పైకీ కిందికీ ఆడించాలి. మామూలు మోతాదుకు గంట చాలు. ఆపైన క్లోరిన్ కిట్‌తో లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలిందో లేదో చూడాలి. పెద్ద మోతాదైతే రాత్రంతా ఉంచి, వాసన పోయేదాకా తోడి పారబోసి, తర్వాతే తాగాలి. ప్రతి కుళాయిలో వాసన వచ్చేదాకా వదిలితే పైపులు కూడా శుభ్రమవుతాయి.

పర్మాంగనేట్ వేసి నీళ్లు గులాబీ రంగు తిరిగితే సరిపోయిందనుకోవడం పాత అలవాటు, దాన్ని నమ్ముకోవద్దు. పటిక బావిలో వేయొద్దు, వేస్తే బిందెలోనే. వరలు బ్రష్‌తో రుద్దడానికి 10 లీటర్లకు 20 గ్రాములు కలిపి పైనుంచి పొడుగు కర్రతో రుద్దాలి. మనిషి లోపలుండగా బ్లీచింగ్ వాడితే ఆ గాలి ఊపిరితిత్తులకు ప్రమాదం.

వరలపని

మనిషి దిగడం మాటొచ్చింది కాబట్టి. డీజిల్ ఇంజన్ బావిలోకి దించొద్దు, పొగ అడుగునే నిలుస్తుంది. కరెంటు మోటారు ఉంటే మెయిన్ ఆపి, ఫ్యూజ్ తీసి జేబులో వేసుకోవాలి.

సబ్‌సెంటర్_పక్కిల్లు

దీపం దించి చూస్తే సరిపోతుందంటారు చాలామంది. దీపం ఆరితే ఆక్సిజన్ తక్కువని తెలుస్తుంది, నిజమే. ఆరకపోయినా విష వాయువు లేదని కాదు. బురద కదిలించినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వచ్చే గ్యాస్ బయటికొస్తుంది, కాసేపటికి ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. కుళ్లిన వేపాకు ఉన్న బావిలో ఇది ఇంకా ఎక్కువ. బ్లోయరు గొట్టం అడుగుదాకా వదిలి అరగంట నడిపి, పని జరిగినంతసేపూ ఆపకుండా ఉంచాలి. దిగే మనిషి నడుముకి, చంకల కింద తాడు, పైన ఇద్దరు. లోపలివాడు సొమ్మసిల్లితే వెనకే ఇంకొకడు దిగకూడదు, తాడుతోనే లాగాలి.

తుమ్మలపెంట_రోడ్డు

దోమలకని గంబూసియా చేపలు వదిలాం, వాటినేం చేయాలి? ఎండాకాలంలో నీళ్లు ఉప్పగా కూడా అవుతున్నాయి, ఉసిరి మొద్దు వేస్తే తగ్గుతాయంటున్నారు.

మోటారు_షెడ్డు

చేపల్ని బావి నీళ్లతోనే తొట్టిలో పెట్టి, క్లోరిన్ వాసన పూర్తిగా పోయాక, రెండు మూడు రోజులకి వదలండి.

ఉప్పుకి మొద్దు పనిచేయదు. సముద్రం దగ్గర మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి. సముద్ర మట్టానికి పైన మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే, కింద ఉప్పునీళ్లు సుమారు 40 అడుగులు పైకి వచ్చే వీలుంది. కొంచెం కొంచెంగా తోడడమే మందు. పనోళ్లు చెప్పిన 3 అడుగుల లోతు వద్దనడానికి ఇదో కారణం. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటర్‌తో నెలకోసారి చూడండి, లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా బాగున్నట్టే, వేరే దారి లేకపోతే 2000 దాకా తాగొచ్చు.